కుడి చెవిది

లక్షా నలభై వేల రూపాయల వస్తువు
ఏడు రోజుల కోసం నా బల్ల మీదికొచ్చింది.
ఎనిమిదో నాడు కొరియర్ పిలగాడు వచ్చి తీస్కపోతడు.
ఆలోపు నేను విని, తిప్పి చూసి,
ఆరొందల మాటలల్ల చెప్పాలె
కొనొచ్చా వద్దా అని.
రాతకు మూడు వేలిస్తరు.

పెట్టెల పెట్టె, అండ్ల తోలు డబ్బీ.
విప్పితే రెండు గింజలు,
చింతగింజ కన్న జర పెద్దగ, అంతే నున్నగ.
ఎడమదానికి నీలం చుక్క, కుడిదానికి ఎర్రది.
వైరును జడ లెక్క అల్లిండ్రు.
మెడకు తాకితే సల్లగున్నది.
రబ్బరు టోపీలు మూడు సైజులు:
ఎడమ చెవికి నడిమిది సరిపోయింది,
కుడి చెవికి చిన్నది.
నా రెండు చెవులు ఒక్క తీరుగ లేవని
ముప్పై ఎనిమిదేండ్లకు తెల్సింది.

మూడు రోజులు అందరు వినే పాటలే విన్న.
"బేస్ బాగుంది" అని రాసి కొట్టేసిన.
"చాలా బాగుంది" అని రాసి
అది కూడా కొట్టేసిన.

నాలుగో నాడు నా సొంత రికార్డింగు పెట్టిన.
ఐనవోలు, తెల్లారగట్ల, పన్నెండు ఒగ్గు డోళ్లు.
అప్పుడు కలం నడిచింది:
"దెబ్బ కడుపులో పడుతుంది, పడి లేచిపోతుంది,
తర్వాతి దెబ్బకు చోటు వదులుతుంది.
గజ్జెలు గుత్తిగా కాదు, గింజ గింజగా వినిపిస్తాయి.
మూడో డోలు మనిషికి ఊపిరి అందడం లేదు."
డోళ్ల ఎనుక, శాన దూరంల, ఎవలో ఒకామె
"పసుపు ఇటియ్యే" అన్నది.
ఆ రాత్రి నేను ఆడనే నిలబడి ఉన్న.
ఆమె మాట అప్పుడు నా చెవిన పడలే.
దీనికి పదిల ఎన్ని మార్కులెయ్యాల్నో తెల్వక
చాయ్ పెట్టుకున్న.

మోటర్ వెయ్యమని చెప్పనీకి
కింది పోర్షన్ యాకయ్య పైకొచ్చిండు.
కాజీపేట యార్డుల ముప్పై రెండేండ్లు
పొడుగు కట్టె సుత్తెతోని
రైలు చక్రాలను కొట్టి విన్న మనిషి.
ధర చెప్పలే నేను. చెప్తే ముట్టడు.
చెవుల పెట్టబోతే తల పక్కకు తిప్పిండు.
ఎడమ గింజను వేలి కొస మీద నిలబెట్టి
బొటనవేలి గోటితోని ఒక్కటి కొట్టిండు,
చెవి దగ్గరికి తెచ్చుకొని మళ్లొకటి.
కుడిదాన్ని మాత్రం
ఒక్కటే దెబ్బ.

"అది పలికింది బిడ్డా. ఇది మూల్గుతున్నది.
యాడనో ఇచ్చుకున్నది, సూడు."

ఫోన్ లైటు, భూతద్దం.
వైరు దూరే కాడ, ఎర్రచుక్క కింద,
కనురెప్ప వెంట్రుకంత గీత.
నాలుగు రోజులు ఇంటిమీద ఉండి
గోడ చూడని కిరాయిదారు లెక్కైంది నా పని.

ఒప్పంద కాయితం తీసి సదివిన.
"నా దగ్గర ఉన్నప్పుడు జరిగిన నష్టానికి
నాదే బాధ్యత" అని నా సంతకం.
పగులు ముందుగాల్నే ఉన్నదా,
నా బల్ల మీదనే అయిందా,
గోటి దెబ్బ అది చెప్పదు కద.

యాకయ్య ఎటో చూస్కుంట అన్నడు:
"ఓ రాత్రి బొగ్గు గూడ్స్‌ను ఆపిన.
గార్డు తిట్టిండు, డ్రైవర్ తిట్టిండు.
ఒక్క డబ్బా కోసి పక్క లైన్ల పెట్టిండ్రు.
నలభై నిమిషాల లేటు నా పేరు మీదనే రాసిండ్రు."
"చక్రం పగిలే ఉండెనా?"
"లేకుంటే లేపుదునా?"
చాయ్ తాగి, గ్లాసును కూడా గోటితోని కొట్టి చూసి,
కిందికి దిగిపోయిండు.

"ధ్వని" అనే చోట డోళ్లను ఉంచిన,
పసుపడిగిన ఆమెను ఉంచిన.
"తయారీ నాణ్యత" అనే చోట
శానసేపు ఏం రాయలే.
రాసి చదువుకుంటే ఒక్కటే వాక్యం:
"కుడి చెవిది పగిలి ఉంది, కనిపెట్టింది నేను కాదు."

గింజలు తీసి డబ్బీల పెట్టిన.
అప్పుడు వినబడ్డది,
ట్యాంకు ఎప్పుడు నిండిందో ఏమో,
గోడ పొంటి నీళ్లు కారుతున్న సప్పుడు.